ఖాజాగూడ రాళ్ల మీద నుంచి మారిషస్ దాకా

మార్చి మూడో శనివారం పొద్దున మణికొండలో ఇంటికి తాళం వేసి బయలుదేరాను. చేతిలో పులిహోర డబ్బా, మజ్జిగ సీసా, గొడుగు. ముందు లింగంపల్లిలో మా ఆడపడుచు విజయ ఇంటికి వెళ్లాలి. అక్కడి నుంచి ఎక్కడికో ఇద్దరికీ తెలియదు. హైదరాబాద్‌లో ఎక్కడ నిలబడితే మారిషస్‌కు వినపడతామో ఆ చోటు వెతుక్కోవడమే ఈ ప్రయాణం.

విజయ బాచుపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. సర్కారు లైసెన్సు తీసుకుని సరదాగా రేడియో నడిపే మనుషుల్లో ఒకతె. మారిషస్‌లో అప్పన్న గారని ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన ముత్తాత ఎప్పుడో చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్లిన తెలుగువాడట. విజయా ఆయనా నాలుగేళ్లుగా ఒక పని చేస్తున్నారు. ఇక్కడి నుంచి చిన్న షార్ట్‌వేవ్ సంకేతం పంపితే అక్కడ ఎంత బలంగా అందుతుందో కొలవడం. మధ్యలో నాలుగున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరం, చాలావరకు సముద్రమే. తీగా లేదు, ఉపగ్రహమూ లేదు. భూమికి రెండు మూడు వందల కిలోమీటర్ల పైన, ఎండ తగిలి విద్యుత్తు పట్టుకున్న పలుచని పొర ఒకటి ఉంటుంది. దాన్ని అయనావరణం అంటారు. సంకేతం పైకి పోయి ఆ పొరకు తగిలి సముద్రం మీదికి దిగి, మళ్లీ లేచి, మళ్లీ దిగి, అప్పన్న గారి పెరట్లో తీగకు చేరాలి. ఆ పొర గంటకో రకంగా ఉంటుంది కాబట్టి కొలిచిందే మళ్లీ కొలవాలి.

ఈ పనికి ఇద్దరు కావాలి, ఒకరు సంకేతం పంపే డబ్బా దగ్గర, ఒకరు తీగను పైకెత్తే కర్ర దగ్గర. కర్ర పట్టుకునేది శేఖర్. విజయకు అన్న, నాకు భర్త. ఆయనకు రేడియో గురించి ఏమీ తెలియదు. తెలుసుకోవాలనీ ఉండేది కాదు. చెల్లెలు పిలిస్తే వెళ్లి నిలబడేవారు. నేను ఇంట్లో పుస్తకం చదువుకునేదాన్ని. ఆయన పోయి పదకొండు నెలలైంది. అప్పటి నుంచి విజయ తన మేడ దాటి బయట ఎక్కడా కొలవలేదు.

వారం కిందట అప్పన్న గారి నుంచి కబురు వచ్చింది. ఇల్లు అమ్మేసి ఊళ్లో ఫ్లాట్‌కు మారుతున్నారు. అక్కడ తీగ కట్టనివ్వరు. ఆదివారం పొద్దున పెరట్లో తీగ కట్టిన స్తంభం దించేస్తారు కాబట్టి శనివారం సాయంత్రమే ఆఖరు. ఈ నాలుగేళ్లలో వాళ్లకు చిక్కని కొలత ఒకటి మిగిలిపోయింది. శక్తి తగ్గిస్తూ పోతే ఎంత తక్కువ దాకా వినపడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది? అది తేలకపోతే ఇక ఎప్పటికీ తేలదు. ఆ దారికి అవతలి కొసలో వినేవాళ్లు మరొకరు లేరు.

విజయ ఫోన్ చేసి, "వదినా, కర్ర పట్టుకుంటవా?" అంది. పట్టుకుంటానన్నాను.

పన్నెండున్నరకు మొదలు పెట్టాలంది. అందుకని తెల్లవారే లేచి పులిహోర కలిపి, షేర్ ఆటోలో గచ్చిబౌలి చౌరస్తాకు, అక్కడి నుంచి సిటీ బస్సులో లింగంపల్లికి వెళ్లి, పదకొండుకే ఆమె తలుపు తట్టాను. విజయ నైటీలో జవాబు పత్రాలు దిద్దుతోంది.

"ఏంది వదినా, గింత పొద్దుగాల?"

"పన్నెండున్నర అంటివి కదా."

ఆమె ఎర్ర పెన్ను కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. రేడియో వాళ్లకు ప్రపంచమంతా ఒకే గడియారమట, గ్రీనిచ్‌ది. దాని పన్నెండున్నర మనకు సాయంత్రం ఆరు. ఆ సంగతి నాకు చెప్పాలని ఆమెకు తోచలేదు. వాళ్ల అన్నకూ మొదటిసారి ఇలాగే జరిగిందట. ఆయన మాత్రం అర్ధరాత్రి లేచి వచ్చి గేటు కొట్టారట. ఈ కథ నాకు ఆయన చెప్పలేదు. గేటు ఎక్కి దూకబోతే పక్కింటివాళ్లు లైట్లు వేశారని ఆమె చెబుతుంటే నాకూ నవ్వొచ్చింది. చాలా నెలల తరువాత వచ్చిన నవ్వు. కొంచెం దగ్గులా ఉంది.

చేతిలో సగం రోజు మిగిలింది కాబట్టి తాపీగా చోటు వెతకవచ్చు అనుకున్నాం. ముందు ఆమె మేడ మీదే చూశాం. విజయ దగ్గర అరచేతిలో పట్టే చిన్న షార్ట్‌వేవ్ రేడియో ఉంది. దాన్ని పెడితే ఒకటే గీ అనే రొద. కింది ఇంటి ఇన్వర్టరూ ఎదురింటి ఎల్‌ఈడీ బల్బులూ కలిసి చేస్తున్నాయట. అంత రొదలో తీగ, డబ్బా సరిగా ఉన్నాయో లేదో కూడా చెవితో పోల్చుకోలేమట. బయటికి వెళ్లక తప్పదని సామాను సర్దాం. డబ్బా, బ్యాటరీ, తీగ ఒక సంచిలో, లావు కేబుల్ చుట్ట ఇంకో సంచిలో. కర్ర అంటే ఏడు మీటర్ల చేపల గాలం కర్ర. ముక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి దూర్చేస్తే గొడుగుకు అన్నలా ఉంటుంది. దాన్ని విజయ నా భుజానికి తగిలించింది.

ఒంటిగంట దాటాక లింగంపల్లిలో ఎమ్‌ఎమ్‌టీఎస్ ఎక్కాం. హైటెక్ సిటీ దాకా టికెట్ అయిదు రూపాయలు. ఈ నగరంలో ఇంత తక్కువకు ఇంకేమీ రాదు. శనివారం మధ్యాహ్నం కాబట్టి సీట్లు దొరికాయి. ఎదురుగా కూర్చున్న తెల్ల చొక్కా ఆయన చందానగర్ దాకా కర్రను చూస్తూనే ఉన్నాడు. ఆ తరువాత ఉండబట్టలేక అడిగాడు.

"ఏ చెరువమ్మా?"

విజయ చెప్పబోయింది. నేనే ముందు దుర్గం చెరువన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అండ్ల ఇప్పుడేం పడ్తలేవు. గండిపేట దిక్కు పోండ్రి. ఎర ఏం పెడ్తరు?"

"పులిహోర," అన్నాను.

ఆయన దాన్ని గంభీరంగా ఆలోచించాడు. హఫీజ్‌పేటలో దిగుతూ, ఈసారి తనూ ప్రయత్నిస్తానన్నాడు. విజయ కిటికీ వైపు తిరిగి చున్నీ నోట్లో కుక్కుకుంది. నేను జీవితంలో ఎప్పుడూ రైల్లో ఎవరికీ అబద్ధం చెప్పలేదు. చెప్పాక ఏమీ బాధ కలగలేదు.

తరువాత విజయ నాకు రేడియో వాళ్ల మర్యాద ఒకటి చెప్పింది. దూరం నుంచి ఎవరైనా పలికితే, ఎలా వినపడుతున్నాడో ఒక అంకె చెప్పాలి. బ్రహ్మాండంగా ఉంటే యాభై తొమ్మిది. అసలు వినపడకపోయినా అందరూ అందరికీ యాభై తొమ్మిదే ఇస్తారట. ఇచ్చేసి, "మీ పేరు ఇంకోసారి చెప్పండి, సరిగా అందలేదు" అంటారట. అప్పన్న గారు అలాంటివారు కాదు, ఉన్న అంకె ఉన్నట్టు చెబుతారు, అందుకే ఆయనతో పని పెట్టుకుందట. పదకొండు నెలలుగా ఎలా ఉన్నావని అడిగిన ప్రతివారికీ నేనూ యాభై తొమ్మిదే ఇస్తున్నానని ఆమెతో అన్నాను. విజయ నా మోకాలి మీద ఒకటి చరిచి, "నాకు తెల్వదా" అంది. హైటెక్ సిటీ స్టేషన్ వచ్చింది.

రెండో చోటు నేను పనిచేసే ఆఫీసు పార్కింగ్ భవనం. ఎనిమిది అంతస్తుల పైన ఖాళీ మేడ, శనివారం కార్లుండవు. అక్కడ కాపలా ఉండే సూరిబాబుది శ్రీకాకుళం వైపు. నా కార్డు చూసి, కర్ర చూసి, పది నిమిషాలు మాత్రమేనండి అని తనూ మా వెంట పైకి వచ్చాడు. విజయ చిన్న రేడియో పెట్టింది. విజయ మేడ మీది కంటే ఘోరం. గరగర, చిటపట, మధ్యమధ్య ఎవరో పళ్లు కొరికినట్టు ఒక చప్పుడు.

"పాటలు రావాండి ఇందులో?"

"ఇవి లిఫ్టు పాటలు," అంది విజయ. లిఫ్టు మోటారు కదిలినప్పుడల్లా రేడియోలో ఆ పళ్ల చప్పుడు వస్తోందని చూపించింది. సూరిబాబుకు అది తెగ నచ్చింది. రేడియో చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని, ఇది సర్వీసు లిఫ్టండి, ఇది పెద్దదండి, అని చెప్పడం, తలుపు దగ్గరికి పరిగెత్తి దీపం చూసి రావడం. రెండుసార్లు సరిగ్గా చెప్పాడు. మూడోసారి తప్పింది. ఆ తప్పు లిఫ్టుదే అన్నాడు. అక్కడే ముగ్గురం పులిహోర తిన్నాం. పది నిమిషాలు అన్నవాడు మమ్మల్ని నాలుగు దాకా వదల్లేదు. మీరు ఇలాంటి పని మీద వెళ్తే ఆఫీసు భవనాలు ఎంచుకోకండి. మనుషులు మంచివాళ్లే కానీ లిఫ్టులు పడనివ్వవు.

"ఇగ రాళ్లే దిక్కు వదినా," అంది విజయ.

రాళ్లంటే ఖాజాగూడ గుట్ట. అద్దాల భవనాల మధ్య ఇంకా పగలగొట్టకుండా మిగిలిన బండలు. హైటెక్ సిటీ నుంచి ఆటోకు నూట డెబ్భై అడిగాడు, ఇచ్చాం. కర్ర సగం బయటికి ఉండటంతో ఆటో అతను ప్రతి మలుపులో, "జర లోపలికి గుంజుకోండ్రి అక్కా, ఎవని కంట్ల పొడిస్తదో" అంటూ వచ్చాడు. దిగేసరికి అయిదైంది. ఎండ ఇంకా గట్టిగానే ఉంది. చెప్పులు జారే బండలు, మంచినీళ్లు దొరకవు, బూట్లు వేసుకుని వెళ్లడం మేలు.

పైన బండ మీద మాకంటే ముందే ముగ్గురున్నారు. పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకుంటున్న ఒక జంట, ఫొటోగ్రాఫరు. అబ్బాయి షేర్వాణీలో చెమటలు కక్కుతున్నాడు. అమ్మాయి గౌను తోక ఒక రాయి నుంచి ఇంకో రాయి దాకా పరుచుకుని ఉంది. వాళ్లకు అడ్డం రాకుండా పక్క బండ మీద సామాను దింపుకున్నాం. చిన్న రేడియో పెడితే రొద ఉంది కానీ మేడ మీది దాంట్లో పావు వంతు లేదు. విజయ నడుం మీద చెయ్యి వేసుకుని నైరుతి వైపు చూసి, ఇక్కడే అంది.

గాలం కర్రను బయటికి లాగి కొసకు తీగ కట్టాం. రెండు బండల సందులో మొదలు దోపాం. నిలబడింది కానీ గాలికి ఊగుతోంది. దాన్ని పట్టుకుని కదలకుండా నిలబడటం నా ఉద్యోగం. తీగ నుంచి కిందికి వచ్చిన లావు కేబులు నా కాళ్ల పక్కగా విజయ డబ్బాలోకి వెళ్లింది. తీగా డబ్బా ఒకదానికొకటి కుదిరాయో లేదో, తీగ నుంచి వెనక్కి తన్నే శక్తిని బట్టి చూపే చిన్న మీటరుంటుంది. ముల్లు ఒకటి దగ్గర నిలబడితే సరిగ్గా కుదిరినట్టు. మామూలుగా దాన్ని అక్కడికి తేవడానికి తీగను గంట సేపు పెంచడం, తగ్గించడం, తిట్టడం ఉంటుందట. ఇవాళ మొదటిసారే ఒకటి దగ్గర నిలబడింది. డబ్బాలో వినికిడి పెడితే చిన్న రేడియోలో ఉన్న పావు వంతు రొద కూడా లేదు.

"వదినా, నీ చెయ్యి మంచిది. గింత మంచిగ ఎన్నడు కుదరలే," అంది విజయ. నేను కర్రను ఇంకొంచెం నిటారుగా పట్టుకున్నాను.

ఫొటోగ్రాఫరు వచ్చాడు. తన ఫ్రేములోకి కర్ర వస్తోందట, కొంచెం పక్కకు జరగాలట. జరగలేమని విజయ చెప్పింది. కొంచెం వంచమన్నాడు. వంచలేమంది. పెళ్లికొడుకు షేర్వాణీ ఎత్తిపట్టుకుని బండ దిగి వచ్చాడు. కడప వైపు అబ్బాయి, మాట వినగానే నాకు తెలిసింది.

"యాడికి పెడుతున్నారక్కా దీన్ని?"

"మారిషస్‌కు."

"వాట్సాప్‌లో పోదా?"

"పోతది," అంది విజయ. "దార్ల ఎంత కష్టపడ్డదో చెప్పదు, గంతే."

అబ్బాయికి ఈ జవాబు బాగా నచ్చినట్టుంది. అమ్మాయిని కూడా పిలిచాడు. ఆమె గౌను తోక చంకలో పెట్టుకుని వచ్చి, తాము పెళ్లయ్యాక బాలి వెళ్తున్నామనీ, అక్కడికి కూడా పంపొచ్చా అనీ అడిగింది. ఆరు కావస్తోందని విజయ అందరినీ మాట్లాడకుండా కూర్చోమంది. మాట్లాడితే ఏమీ కాదు. కానీ ఆమె అన్న తీరుకు ఫొటోగ్రాఫరు కూడా కూర్చున్నాడు.

జరిగేది చూడటానికి ఏమీ ఉండదు. డబ్బా రెండు నిమిషాల సేపు ఒక సన్నని స్వరం పంపుతుంది. అందులో విజయ గుర్తు ఉంటుంది. అవతల అప్పన్న గారి కంప్యూటరు దాన్ని పట్టుకుంటే ఒక అంకె ఇస్తుంది. ఆయన ఆ అంకెను ఫోన్‌లో పంపుతారు. సున్నా అంటే రొదకు సమానమనుకోవచ్చు. సున్నాకు కింద అయితే సంకేతం రొదలో మునిగినట్టు. అయినా మైనస్ ఇరవై ఎనిమిది దాకా యంత్రం వెతికి పట్టుకోగలదు. ఆ తరువాత ఏమీ లేదు.

ముందు అయిదు వాట్లతో పంపింది. రాత్రి పడక గదిలో వెలిగించే చిన్న బల్బంత. రెండు నిమిషాలు గడిచాయి. ఫోన్ మోగింది. మైనస్ పన్నెండు.

పెళ్లికొడుకు చప్పట్లు కొట్టాడు. విజయ మొహం మాత్రం మాడిపోయింది. అయిదు వాట్లకు సున్నాకు పైన రావాలట. రొద నిండిన తన మేడ మీద నుంచి పంపినప్పుడు కూడా ఇంతకంటే మేలుగా వచ్చిందట. ఒక వాటుకు తగ్గించి పంపింది. మైనస్ పంతొమ్మిది. అందులో అయిదో వంతుకు, రెండు వందల మిల్లీవాట్లకు తగ్గించింది. మైనస్ ఇరవై ఆరు. మళ్లీ అయిదో వంతుకు తగ్గించింది. ఏమీ రాలేదు.

అంతే, కొలత తేలిపోయింది. రెండు వందల మిల్లీవాట్ల దగ్గర ఆగిపోయింది. ప్రపంచంలో ఎవరైనా ఎప్పుడైనా సాధించగల సాధారణమైన అంకె. అప్పన్న గారు తన వైపు అంతా సరిగ్గా ఉందనీ, పొర ఇవాళ చాలా బాగుందనీ, జపాన్ వాళ్లు గట్టిగా వినపడుతున్నారనీ రాశారు. ఆ మాటతో విజయకు ఇంకా బాధ కలిగింది. పొర బాగుందంటే తప్పు తనదే. నాలుగేళ్ల పనికి ఆఖరి రోజు ఇలా ముగిసిందని, ఏదో తప్పు చేశానని, అదేదో తెలియడం లేదని డబ్బా ముందు చతికిలబడి చెప్పింది. ఆమె ఏడుస్తుందేమోనని చూడలేక నేను తల దించుకున్నాను.

దించుకుంటే నా కాళ్ల దగ్గర కేబుల్ కనిపించింది. తీగ నుంచి దిగిన ముక్కా కింది ముక్కా కలిసే చోట నల్ల టేపు చుట్టి ఉంది, వాన నీరు దిగకుండా. టేపు కొస లోపలికి మడిచి ఉంది. గోటితో గీకి వెతుక్కునే పని లేకుండా చిన్న మడత.

ఆ మడత పెట్టేది ఒక్కరే. మా ఇంట్లో ఏ టేపు చుట్ట చూసినా అది ఉంటుంది. కొరియర్ డబ్బాలకూ ఉంటుంది. సొరుగులో ఆయన వాడి పెట్టిన చుట్ట ఒకటుంది. దాన్ని నేను ఇంతవరకూ ముట్టుకోలేదు.

"విజయా, ఇది మీ అన్న చుట్టింది."

"అవు. పోయిన మార్చిల మేడ మీద రెండు సెట్లు పక్కపక్కన పెట్టి చూసినం. ఆఖరుకు సర్దింది అన్ననే. మేడ మీద వేరే వైరుంది, గందుకే ఈ చుట్ట మళ్ల ఇప్పలే. ఇయ్యాల గట్లనే సంచిల పెట్టుకొచ్చిన." ఆమె తల ఎత్తలేదు.

"ఇక్కడ లావుగా ఉంది."

అప్పుడు తల ఎత్తింది. బండ మీద మోకాళ్లతో పాకుతూ వచ్చి టేపును వేళ్లతో నొక్కి చూసింది. రెండు ముక్కల అతుకు అంత లావు ఉండకూడదట. తీయమంది. కర్ర వదల్లేనన్నాను. పెళ్లికొడుకు లేచి, షేర్వాణీ చేతులు పైకి మడిచి కర్ర అందుకున్నాడు. నేను కూర్చుని మడత పట్టి లాగాను. టేపు ఒక్క లాగుకు మొత్తం ఊడి వచ్చింది. లోపల బొటనవేలంత ఇత్తడి గొట్టం, మెరుస్తోంది.

దాన్ని రేడియో వాళ్లు ప్యాడ్ అంటారు. ఎంత శక్తి లోపలికి పోతే అందులో నూరో వంతే బయటికి వదులుతుంది. మిగిలింది వేడిగా మార్చి మింగేస్తుంది. రెండు సెట్లు పక్కపక్కన పెట్టి పరీక్షించేటప్పుడు ఒకదాని దెబ్బకు ఇంకోటి కాలిపోకుండా మధ్యలో పెడతారు. ఆ రోజు పెట్టారు. పని అయ్యాక తీయాలని శేఖర్‌కు తెలియదు. అతుకు కనిపించింది కాబట్టి వాన పడకుండా శ్రద్ధగా టేపు చుట్టి ఇచ్చారు.

"మీటరు గందుకే ఒకటి చూపింది," అంది విజయ. "రొద గందుకే లేదు. ఇది అన్నీ మింగింది. మీటరును కూడ మింగింది." "వదినా, మనం రెండు వందల మిల్లీవాట్లు పంపలే."

"మరి?"

"రెండు."

రెండు మిల్లీవాట్లు. టీవీ కట్టేశాక మూలన వెలుగుతూ ఉండే ఎర్రచుక్కకు అంతకంటే ఎక్కువ కావాలి. ఆ చుక్క పాటి వెలుగు కూడా లేని దాన్ని అప్పన్న గారి తీగ సముద్రం అవతల పట్టుకుంది. విజయ నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. పెళ్లికొడుకు ఎందుకో తెలియకుండానే నవ్వుతుంటే కర్ర ఊగింది. ఫొటోగ్రాఫరు ఫొటోలు తీశాడు. ఆ పెళ్లి ఆల్బంలో ఒక పేజీలో షేర్వాణీ వేసుకుని గాలం కర్ర పట్టుకున్న వరుడు, అతని కాళ్ల దగ్గర నవ్వు ఆపుకోలేక కూలబడిన ఇద్దరు ఆడవాళ్లు ఉంటారు.

అయితే పని అయిపోలేదు. ఒక్కసారి వినపడితే అదృష్టం అంటారట, రెండోసారి కూడా వినపడితేనే కొలత. సూర్యుడు అద్దాల భవనం అంచుకు తగులుతున్నాడు. పొర తీరు ఏ నిమిషాన మారుతుందో తెలియదు. ముందు ప్యాడ్ తీసి పూర్తి శక్తితో ఒకసారి చూద్దామని విజయ దాన్ని తిప్పబోయింది. కదల్లేదు. నేను తిప్పాను. కదల్లేదు. చేత్తో బిగిస్తే చాలని ఎన్నిసార్లు చెప్పినా అన్న కటింగ్ ప్లేయర్‌తో బిగిస్తాడని ఆమె వాళ్ల అన్నను నా ఎదురుగానే తిట్టింది. అలాగే ఉండనీ అన్నాను. మళ్లీ టేపు చుట్టాను. కర్ర దగ్గరికి వెళ్లాను. పెళ్లికొడుకు ఇవ్వలేదు, ఇద్దరం పట్టుకున్నాం.

రెండు మిల్లీవాట్లతో మళ్లీ పంపింది.

ఆ రెండు నిమిషాలు ఎవరూ కూర్చోమని చెప్పకుండానే, కర్ర దగ్గరి మేమిద్దరం తప్ప అందరూ కూర్చున్నారు. పెళ్లికూతురు మాత్రం లేచి విజయ పక్కకు వెళ్లి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. నేను ఎక్కువ నమ్మకాలున్న మనిషిని కాను. కర్రను గట్టిగా పట్టుకున్నాను. అది తప్ప నేను చేయగలిగింది ఇంకేమీ లేదు.

ఫోన్ మోగింది. మైనస్ ఇరవై ఏడు.

విజయ సంగతంతా రాసి పంపింది, ప్యాడ్ గురించీ, ఎవరు పెట్టి మరిచారో కూడా. ఆ తరువాత ఆయన నుంచి తెలుగు లిపిలో ఒకే మాట వచ్చింది, సంతోషం అని. దాని కింద ఇంగ్లీషులో, ఈ కొలత ఎవరెవరి పేరున రాసుకోవాలో చెప్పమన్నారు. విజయ టైపు చేసి పంపే ముందు నాకు చూపించింది. పంపినది విజయ, కర్ర పట్టుకున్నది వదిన, శక్తి తగ్గించినది శేఖర్. నేను చదివి, సరిగ్గా ఉందన్నాను. పెళ్లికొడుకు పేరు కూడా చేర్చమన్నాను. చేర్చింది.

నా ఇల్లు ఖాజాగూడకు చాలా దగ్గర. అక్కడి నుంచి ఆటో ఎక్కితే చీకటి పడకముందే మణికొండ చేరేదాన్ని. అయినా విజయతో మళ్లీ హైటెక్ సిటీ స్టేషన్‌కు వెళ్లి లింగంపల్లి రైలెక్కాను. నవ్వు ఇంకా పూర్తి కాలేదు, ఒక్కదాన్నే నవ్వుకుంటూ వెళ్తే బాగుండదు. స్టేషన్ బయట మిరపకాయ బజ్జీలు వేడిగా ఉన్నాయి, ఆ వైపు వెళ్లేవారు తినవచ్చు.

రైల్లో రద్దీ ఉంది. మా పక్కన ఏసీలు బాగుచేసే ఒకాయన పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సోమవారం కాలేజీ లాబ్‌లో ప్యాడ్ కావాలని విజయ దాన్ని ఇంకా చేతులతో తిప్పుతూనే ఉంది. ఆయన చూసి చూసి, "ఇయ్యి అమ్మా" అని తీసుకున్నాడు. సంచిలోంచి రెండు కటింగ్ ప్లేయర్లు తీసి రెండు వైపులా పట్టి తిప్పాడు. రాలేదు. నిలబడి కిటికీకి భుజం ఆనించి తిప్పాడు. ఎదుటి సీటు కుర్రాడు ఒకవైపు పట్టుకున్నాడు. చందానగర్‌లో ఎక్కిన ఇద్దరు కూడా సలహాలిచ్చి, ఒక్కో చెయ్యి వేశారు. పెట్టెలో సగం మంది ఇటే చూస్తున్నారు.

"ఎవరు బిగించిండ్రమ్మా గిది?"

"మా ఆయన," అన్నాను.

ఆయన చెమట తుడుచుకుని గొట్టాన్ని ఇంకోసారి చూశాడు. "ఏం తింటడు?"

"జొన్న రొట్టె," అన్నాను. "పచ్చి ఉల్లిగడ్డ నంజుకుంటారు. రాత్రి కూడా అదే కావాలంటారు."

"గందుకే," అన్నాడాయన, పక్కవాళ్లు కూడా తలూపారు.

విజయ నా చేతిని పట్టుకుంది. ఆమె భుజం నవ్వుతో కదులుతోందో, ఇంకెందుకో నేను చూడలేదు. నా కళ్ల నుంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి, నేను నవ్వుతూనే ఉన్నాను. ఎవరూ ఏమీ అనుకోలేదు.

లింగంపల్లి వచ్చింది. ఏసీల ఆయన గొట్టాన్ని, కేబుల్‌ను జాగ్రత్తగా చుట్టి నా ఒళ్లో పెట్టాడు.

"మాతోని కాదమ్మా. ఆయననే ఇప్పమనుండ్రి."

అలాగేనన్నాను.